రాతి మీద ఉన్న పేర్లు, లేని పేర్లు

మొదటి రోజు: ధవళేశ్వరం, మాధవరం

నవంబర్ 11. మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ఆగింది ఈ తేదీనే. ఆ యుద్ధానికి మన దేశం నుంచి 13 లక్షల మందికి పైగా వెళ్తే, సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లినవాళ్లు దాదాపు 25 లక్షలు. అందులో పోయినవాళ్లు 87 వేల మంది. ఈ లెక్కల్లో మా గోదావరి జిల్లాల వాళ్లెవరు, ఏ ఊళ్ల వాళ్లు, వాళ్లని ఇప్పుడెవరైనా తలుచుకుంటున్నారా అని చాలా ఏళ్లుగా మనసులో ఉంది. అందుకే ఈ కార్తీక మాసంలో గుళ్ల వైపు కాకుండా ఆ ఊళ్ల వైపు బయల్దేరాను.

రాజమండ్రిలో దిగి ధవళేశ్వరం గట్టు మీద కాసేపే ఆగాను. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలవలు పారాక ఈ నేల అన్నపూర్ణ అయింది. కానీ సెంటు భూమి లేనివాళ్లకి ఆ అన్నంలో దక్కింది తక్కువే. వాళ్లలో కొందరు పటాలంలో చేరారు, కొందరు ఓడెక్కి బర్మా పోయారు. నేను వెతుక్కుంటూ వచ్చింది ఈ రెండు దారుల్లో పోయినవాళ్లనే.

తాడేపల్లిగూడెంలో బస్సు దిగి ఆటో మాట్లాడుకున్నాను. "మిలిటరీ మాధవరమేనాండి?" అని అడిగాడు డ్రైవర్. ఊరి పేరుకి ముందు ఆ మాట లేకుండా ఇక్కడెవరూ పలకరు. దారికి రెండు వైపులా సార్వా కోతలు మొదలయ్యాయి. కోత మిషన్లు తిరుగుతున్న చేలు కొన్ని, ఇంకా పచ్చగా ఉన్నవి కొన్ని.

మాధవరం నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి 1,110 మంది వెళ్లారని ఊరు ఊరంతా చెబుతుంది. ఆ తర్వాత మన దేశం చేసిన యుద్ధాలన్నిటిలోనూ ఈ ఊరివాళ్లున్నారు. పిల్లలకి మేజర్, కెప్టెన్, సుబేదార్ అని పేర్లు పెట్టుకున్న ఇళ్లున్నాయి. ఊళ్లో అమరులైన సైనికుల స్మారకం ఉంది. నేను వెళ్లేసరికి దాని చుట్టూ ఎవరో నీళ్లు చల్లి ఊడ్చి ముగ్గు పెట్టారు. పండగేమీ లేదు, రోజూ పెడతారట.

అక్కడే అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన నన్ను పలకరించారు. సైన్యంలో చేసి రిటైరై చాలా ఏళ్లయిందట. 1971లో తూర్పు సరిహద్దులో ఉన్నారు. ఆ యుద్ధం గురించి చెప్పమంటే ఫిరంగుల గురించీ గెలుపు గురించీ చెబుతారనుకున్నాను. ఆయన చెప్పింది వేరు.

"డిసెంబర్ 16న వాళ్లు లొంగిపోయారు కదమ్మా. తొంభై మూడు వేల మంది. మా దగ్గర ఉంచినవాళ్లలో ఒక కుర్రాడికి నా వయసే ఉంటుంది. టీ ఇస్తే తాగలేదు. ఇంటికి ఉత్తరం రాసుకోవాలి, కార్డు ఉందా అని అడిగాడు. మా అమ్మ కూడా అప్పుడు నా ఉత్తరం కోసమే చూస్తుందని నాకు తెలుసు. అంతేనమ్మా, ఆ రోజు నుంచి నాకు అవతలివాడు అంటే ఆ కుర్రాడి మొహమే."

ఆయన మనవడు ఇప్పుడు సరిహద్దులో ఉద్యోగం చేస్తున్నాడు. టీవీలో గట్టిగా యుద్ధం యుద్ధం అని అరిచే చర్చలు వస్తే కోడలు వెంటనే కట్టేస్తుందట. "దానికి రాత్రంతా టెన్షన్. ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకుంటాది" అన్నారు. ఊళ్లో కుర్రాళ్లు మాత్రం తెల్లవారుజామునే లేచి సెలక్షన్ల కోసం రోడ్డు మీద పరుగు తీస్తూనే ఉన్నారు. కొడుకు సైన్యంలో చేరాలనీ, యుద్ధం మాత్రం రాకూడదనీ ఏకకాలంలో కోరుకోవడం ఇక్కడి తల్లులకి అలవాటైన విషయం. ఆ రెండు కోరికల్లో ఏ ఒక్కటీ తప్పు కాదు.

పెద్దాయన నన్ను పక్క వీధిలోని ఒకరింటికి తీసుకెళ్లారు. ఆ ఇంటి తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలో పనిచేశారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇంటి కోడలు అటక మీంచి ట్రంకు పెట్టె దింపించింది. మూత మీద తెల్ల పెయింటుతో నంబరూ పేరూ. లోపల పాత పంచెలో చుట్టిన పతకం. ఇత్తడి రంగులో ఆరు కోణాల నక్షత్రం, మధ్యలో కిరీటం, చుట్టూ ఇంగ్లిష్ అక్షరాల్లో బర్మా స్టార్ అని. రిబ్బన్ వెలిసిపోయినా మధ్యలో ఎర్ర పట్టె, దానికి రెండు పక్కలా నీలం, ఆ నీలం నడుమ సన్నటి నారింజ గీత ఇంకా తెలుస్తున్నాయి. వెనక్కి తిప్పితే ఆయన నంబరు, పేరు చెక్కి ఉన్నాయి. వేలితో తడిమితే అక్షరాలు తగులుతాయి.

"రోజూ రాత్రి పడుకునే ముందు తడిమి చూసుకునేవారంటండి. మా అత్తగారు చెప్పేవారు" అంది ఆవిడ. "యుద్ధం సంగతి మాత్రం ఎవరడిగినా చెప్పేవారు కాదంట. దార్లో మనవాళ్లని చూశాను, చిన్నపిల్లల ఎముకలు చూశాను అని ఒకే ఒక్కసారి అన్నారంట."

ఆ మాట ఏమిటో నాకు తెలుసు. ఆ పిల్లలు ఎవరో చెప్పగలిగిన మనిషి దగ్గరికే మర్నాడు నా ప్రయాణం.

రెండో రోజు: నరసాపురం రేవు దాటి

పొద్దున్నే నరసాపురం చేరాను. గోదావరి పాయ వశిష్ఠ దాటడానికి పంటు ఎక్కాను. బైకులు, అరటి గెలలు, స్కూలు పిల్లలు, కొబ్బరికాయల బస్తాలు, అన్నీ కలిసి అవతలి ఒడ్డున సఖినేటిపల్లిలో దిగాం. అక్కడి నుంచి రాజోలు వైపు బస్సు.

మా అమ్మమ్మకి వరసకి చెల్లెలు ఆ పక్క ఊళ్లోనే ఉంటుంది. నేను చిన్నమ్మమ్మ అంటాను. తొంభై దాటాయి. పుట్టింది రంగూన్‌లో. వాళ్ల నాన్న అక్కడ బియ్యం మిల్లులో కూలీ.

ఆ రోజుల్లో మన తీరం నుంచి రంగూన్ వెళ్లడం పక్క జిల్లాకి వెళ్లినంత మామూలు. కోరంగి, కాకినాడ రేవుల నుంచి వెళ్లేవాళ్లు కాబట్టి తెలుగు కూలీలందరినీ బర్మాలో కోరంగీలు అనేవాళ్లు. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. మిల్లుల్లో బస్తాలు మోసింది, రేవులో ఓడలు దింపింది, రిక్షాలు లాగింది ఎక్కువగా మనవాళ్లు. 1930లో రేవు పనిలో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మీయుల్ని పెట్టడం, సమ్మె అయ్యాక వాళ్లని తీసేయడంతో పెద్ద అల్లర్లే జరిగాయి. పేదవాడికీ పేదవాడికీ మధ్య పెట్టిన తగువు అది. బతుకుతెరువు కోసం పోయినవాళ్లు అక్కడ అందరికీ ఇష్టులేమీ కాదు.

కోనసీమలో పాత మండువా లోగిళ్ల స్తంభాలు చూసి బర్మా టేకు అని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. ఆ కలపను మోసినవాళ్ల గురించి అంత గొప్పగా చెప్పుకోం. ఇది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8కి నగరం జపాన్ చేతికి పోయింది. లక్షల మంది భారతీయులు నడక మొదలుపెట్టారు. కొందరు పశ్చిమాన తౌంగప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి, కొందరు ఉత్తరాన కలేవా, తమూ మీదుగా ఇంఫాల్‌కి. కొండలు, అడవి, కలరా, మలేరియా, తిండి లేకపోవడం. దారిలో పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. తెల్లవాళ్లకి ఒక దారి, మనవాళ్లకి ఒక దారి అని అప్పట్లోనే మన నాయకులు గట్టిగా నిలదీశారు.

చిన్నమ్మమ్మ వాళ్లు మాండలే దాకా రైల్లో వెళ్లి అక్కడి నుంచి ఇంఫాల్ దారి పట్టారు. అప్పుడు ఆవిడకి ఎనిమిదేళ్లు.

భోజనాలయ్యాక వసారాలో మంచం మీద కూర్చుని, పక్కనున్న పెట్టె ఒళ్లోకి తీసుకుంది. గుండ్రటి వెదురు పెట్టె. లక్క పూసి, ఎర్ర రంగు మీద నల్లటి సన్న గీతలతో లతలూ పక్షులూ చెక్కారు. లోపల తమలపాకులకి ఒక అర, వక్కకీ సున్నానికీ ఇంకో అర. అంచు ఒక చోట పెచ్చులూడి లోపలి వెదురు అల్లిక కనిపిస్తోంది. వాళ్లమ్మ బర్మా నుంచి తెచ్చిన వస్తువుల్లో చివరికి మిగిలింది ఇదొక్కటే.

"వెండి పట్టీలు, ఇత్తడి బిందె, పట్టు చీర, అన్నీ దార్లో ఒక్కొక్కటే ఇచ్చేసింది మా అమ్మ, బియ్యానికి. ఈ పెట్టె ఎవరూ తీసుకోలేదమ్మా. అందుకని మిగిలింది" అంది.

మాట్లాడుతూ వక్క కత్తిరిస్తూనే ఉంది. చెయ్యి వణకలేదు.

"నదొకటి దాటాం, పెద్దది. దాని అవతల కొండలు. మా తమ్ముణ్ణి మా నాన్న భుజాల మీద ఎక్కించుకున్నాడు. మా చెల్లి నాలుగేళ్లది, అమ్మ చంకలో. దానికి వాంతులు మొదలయ్యాయి. ఒక్క పూటే. పొద్దున్నకి లేదు. మట్టి తవ్వడానికి పలుగేదీ? ఆకులు కప్పి వచ్చేశాం. అమ్మ వెనక్కి చూడలేదు. చూస్తే కదల్లేనని చూడలేదని తర్వాతెప్పుడో చెప్పింది."

ఆవిడ చెప్పిన నది చింద్విన్ అయ్యుండాలి. 1944 డిసెంబర్‌లో బ్రిటిష్‌వాళ్ల 14వ సైన్యం కలేవా దగ్గర అదే నది దాటి మధ్య బర్మా వైపు తిరిగి వెళ్లింది. మాధవరం తాతగారు చూసినవి ఏ పిల్లల ఎముకలో చెప్పడం ఎవరి వల్లా కాదు. కానీ ఆ ట్రంకు పెట్టెకీ ఈ తమలపాకుల పెట్టెకీ మధ్య ఉన్నది ఒకే దారి. ఆయనకి పతకం దక్కింది, దక్కాల్సిందే. సమాధి కూడా దొరకని సైనికుల పేర్లు దాదాపు 27 వేలు రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో రాతి స్తంభాల మీద చెక్కారు, చెక్కాల్సిందే. ఆ నాలుగేళ్ల పిల్ల పేరు ఎక్కడుంది?

నేను ఈ మాట పైకే అన్నాను. చిన్నమ్మమ్మ వక్క కత్తెర పక్కన పెట్టి, "రాసుకో మరి, నేను చెబుతాను" అంది. చెల్లి పేరు చెప్పింది. తర్వాత మేనమామ పేరు. పక్క గదిలో ఉండే కుటుంబంలో నలుగురి పేర్లు, వాళ్లది తాళ్లరేవు దగ్గర ఊరట. మిల్లులో మేస్త్రీ పేరు. ఇంఫాల్ చేరాక క్యాంపులో పోయిన ఒక బాలింత పేరు. పేరు గుర్తురాకపోతే కళ్లు మూసుకుని, వాళ్ల ఇంటి గుమ్మం దగ్గర ఏముండేదో చెప్పుకుంటూ పేరు దాకా వచ్చేది. సాయంత్రం దీపం పెట్టే వేళయింది, కోడలు వచ్చి ఇక చాలు అత్తయ్యా అనేదాకా చెప్పింది.

దిమాపూర్ నుంచి రైల్లో కలకత్తా, అక్కడి నుంచి సామర్లకోట. స్టేషన్లో దిగితే వాళ్ల పెదనాన్న వచ్చి పక్కనే నిలబడి కూడా గుర్తుపట్టలేదట, అంత చిక్కిపోయారు.

మూడో రోజు: ఆదుర్రు, యానాం, కోరంగి

పొద్దున్న బయల్దేరి మామిడికుదురు దగ్గర ఆదుర్రు వెళ్లాను. వైనతేయ పాయ ఒడ్డున కొబ్బరి తోటల మధ్య బౌద్ధ స్తూపం శిథిలాలు. బండి చక్రంలా ఆకులు తీర్చిన ఇటుక కట్టడం పునాది ఇంకా చక్కగా కనిపిస్తుంది. ఊళ్లో వాళ్లు దీన్ని దూబరాజు గుడి అంటారు. ఒక రైతు పక్కనే కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు, మనుషుల అలికిడి అంతే. నిన్న విన్నదాని బరువు ఇంకా దిగలేదు. అక్కడ కూర్చుని నోట్‌బుక్‌లో పేర్లు ఒకసారి పైకి చదివాను. వాళ్లకి కర్మలు జరగలేదు, తర్పణాలు వదిలారో లేదో తెలియదు. నాకు తోచిన పని అదొక్కటే.

బోడసకుర్రు వంతెన దాటి అమలాపురం, ముమ్మిడివరం, ఎదుర్లంక, గౌతమి మీద వంతెన దిగితే యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడి. 1940లో ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయాక పుదుచ్చేరి గవర్నర్, లొంగకుండా పోరాడుతున్న డీగాల్ పక్షం చేరాడు కాబట్టి చుట్టూ ఉన్న బ్రిటిష్ జిల్లాతో ఈ చిన్న ఊరికి శత్రుత్వం రాలేదు. ఆ గవర్నర్ ఇంకో రకంగా తేల్చుకుని ఉంటే రొయ్యలమ్ముకునే మనవాళ్ల మధ్య సరిహద్దు గీత పడేదే. యుద్ధాలు ఎక్కడ నిర్ణయమవుతాయో, ఎవరి గుమ్మం ముందుకి వస్తాయో చూడండి.

తాళ్లరేవులో ఆగి, చిన్నమ్మమ్మ చెప్పిన ఆ నలుగురి ఇంటిపేరు పట్టుకుని నాలుగు వీధులు తిరిగాను. ఆ ఇంటిపేరు వాళ్లున్నారు. బర్మా వెళ్లిన సంగతి వాళ్లకి తెలియదు. ఒకావిడ మాత్రం, "మా మావగారికి ఒక అన్న ఉండేవాడట, రంగం పోయి రాలేదని అనేవాళ్లండి" అంది. రంగం అంటే రంగూనే. ఆవిడ ఫోన్ నంబరు తీసుకున్నాను.

కోరంగి మడ అడవుల్లో చెక్క వంతెన మీద జనం ఫోటోలు దిగుతున్నారు. ఒకప్పుడు ఇది ఓడలు కట్టిన రేవు. 1789లో ఒకసారి, 1839లో ఒకసారి ఉప్పెన వచ్చి తుడిచిపెట్టేసింది. రేవు పోయినా పేరు మాత్రం సముద్రం దాటి బర్మాలో కూలీల నెత్తిన మిగిలింది.

నాలుగో రోజు: చందుర్తి, కాకినాడ

పొద్దున్న గొల్లప్రోలు పక్క చందుర్తి వెళ్లొచ్చాను. డెల్టా అంచు ఇది. 1758 డిసెంబర్‌లో ఇక్కడే కర్నల్ ఫోర్డ్ నడిపిన ఇంగ్లిష్ సైన్యం, విజయనగరం ఆనంద గజపతి సేనలు ఒక వైపు, కాన్‌ఫ్లాన్స్ నాయకత్వంలో ఫ్రెంచివాళ్లు ఇంకో వైపు తలపడ్డారు. యూరప్‌లో వాళ్ల ఏడేళ్ల యుద్ధం నడుస్తోంది. ఇక్కడ రెండు వైపులా నేలకొరిగినవాళ్లలో సిపాయిలే ఎక్కువ. ఈ యుద్ధం తర్వాతే ఉత్తర సర్కారులు ఇంగ్లిష్‌వాళ్ల చేతికి వెళ్లడం మొదలైంది. నేను చూసినంత మేరా పొలాలే. ఆ సిపాయిల్లో ఒక్కరి పేరైనా మనకి మిగల్లేదు.

మధ్యాహ్నానికి కాకినాడ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అంతకుముందు రోజే కొలంబో మీద దాడి. ఆ కొద్ది రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకల్ని జపాన్ ముంచేసింది. వాటిలో బొగ్గు వేసినవాళ్లూ సరుకు మోసినవాళ్లూ చాలామంది మన లష్కర్లే, అంటే మన ఓడ పనివాళ్లే.

మా అమ్మమ్మ వాళ్లు అప్పుడు జగన్నాథపురంలో ఉండేవారు. పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి, ఇంటికి తాళం వేసి, కాలవ మీద పడవెక్కి లోపలి ఊళ్లకి పోయారు. జనం ఎక్కువై పడవ అంచు నీళ్లని తాకుతుంటే, పెద్దవాళ్లు పిల్లల్ని ఎక్కించి తాము గట్టు వెంట నడిచారట. అదే నెలలో వాళ్ల చెల్లెలు బర్మా అడవిలో నడుస్తోంది. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఆ తర్వాత బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. 1943లో బెంగాల్ కరువులో లక్షల మంది పోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి.

సాయంత్రం రేవు దగ్గర నిలబడ్డాను. ఇక్కడ పెద్ద ఓడలు కొన్ని దూరంగా లంగరేస్తాయి, బార్జీలు సరుకు చేరవేస్తాయి. ఇప్పుడు బియ్యం ఇక్కడి నుంచే ఆఫ్రికా దేశాలకి వెళ్తోంది. షిఫ్టు దిగి టీ తాగుతున్న ఒక బార్జీ కార్మికుణ్ణి పలకరించాను.

"ఉక్రెయిన్‌లో గొడవ మొదలైనప్పుడు పొద్దుతిరుగుడు నూనె ఓడలు తగ్గిపోయాయండి. ఆ దేశం ఎక్కడుందో నాకు తెల్దు. ఇక్కడ నూనె ప్యాకెట్టు రేటు మాత్రం తెలిసింది" అన్నాడు. తర్వాత, "ఎక్కడా యుద్ధం లేకపోతే ఓడలొస్తాయి. ఓడలొస్తే మాకు పని. మా తాతలు రంగం పోయినట్టు మేం పోనక్కర్లేదండి" అన్నాడు. ఆయన తాత కూడా వెళ్లాడని అప్పుడు తెలిసింది. పేరు అడిగి రాసుకున్నాను.

కాకినాడ వాళ్లని నేను అడిగేది ఒక్కటే. మనవాళ్లని ఓడలెక్కించి పంపిన రేవు ఇది, బాంబులు పడ్డ రేవూ ఇదే. ఇక్కడ బర్మా దారిలో పోయిన మన కూలీలకి, వాళ్ల పిల్లలకి, మునిగిన ఓడల్లో పోయిన లష్కర్లకి ఒక రాయి నిలబెట్టాలి. పెద్ద ఖర్చేమీ కాదు. ఏటా ఏప్రిల్ 6న అక్కడ నాలుగు పూలు పెట్టి, పిల్లలకి ఆ సంగతి చెప్పాలి. అప్పటి మనుషులు ఇంకా ఒకరిద్దరు మన మధ్య ఉన్నారు, ఆలస్యం చేస్తే వాళ్లూ ఉండరు. మీ ఇంట్లో రంగూన్ నుంచి నడిచొచ్చినవాళ్లు ఉంటే ఈ సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు పక్కన కూర్చుని అడగండి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఆ రాయి మీద చెక్కడానికి కొన్ని పేర్లు ఇప్పటికే నా దగ్గరున్నాయి. మొదటి పేరు ఆ నాలుగేళ్ల పిల్లది.